మాల ఆయనది, మంచం మీది

ప్రశ్న: అమ్మా, మాది కోనసీమ. నాకు నలభై ఆరేళ్ళు. రెండేళ్ళ కిందట మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది, ఎడమచేత్తో సైగ చేస్తారు. ఆవిడ స్నానం, అన్నం, డైపర్లు అన్నీ నావే. మా ఆయన ఈసారి పదిహేడో అయ్యప్ప మాల వేసుకున్నారు. వచ్చే ఏడు పద్దెనిమిదోది, కొబ్బరి మొక్క పట్టుకుని కొండకి వెళ్ళాలని కోరిక. దీక్షలో మలమూత్రాల దగ్గరికి రాకూడదంటూ ఈ నలభై ఒక్క రోజులూ తల్లి గది గుమ్మం తొక్కరు. బయటే నిలబడి "స్వామి చూసుకుంటాడమ్మా" అని వెళ్ళిపోతారు. ఏమన్నా అంటే "ముందు దేవుడు, తరవాతే ఎవరైనా" అంటారు. హైదరాబాదులో ఉన్న ఆడపడుచు వాళ్ళమ్మ కోసం రోజూ లలితా పారాయణ చేస్తోంది, గుళ్ళో అభిషేకాలకి డబ్బు కడుతోంది. నేను మాత్రం పెళ్ళయిన దగ్గర్నుంచీ మానని శుక్రవారం దీపం కూడా సరిగ్గా పెట్టలేకపోతున్నాను. దేవుణ్ణి ప్రేమించడం గొప్పా, మనుషుల్ని ప్రేమించడం గొప్పా? మొన్న విసుగొచ్చి అత్తయ్య మొహం గోడవైపు తిప్పి పడుకోబెట్టి బయటికొచ్చేశాను. నాకు రెండు ప్రేమలూ లేవేమో అనిపిస్తోంది.
– ఒక సోదరి

జవాబు:

అమ్మా,

"ముందు దేవుడు, తరవాతే ఎవరైనా" అన్న మాట పుట్టింట్లో విన్నాను, మెట్టినింట్లో విన్నాను, ఇప్పుడు మీ ఉత్తరంలో చదివాను. మాటలో తప్పేం లేదు. ఆ "ముందు"కి కావలసిన తీరిక ఎక్కణ్ణుంచి వస్తోందన్న దగ్గరే చిక్కంతా. తెల్లవారుజామున లేచి చన్నీళ్ళు పోసుకుని శరణుఘోష చెప్పుకోవడానికి మీ ఆయనకి ఒక గంట దొరుకుతోందంటే, పక్క గదిలో మీరు తడిసిన దుప్పటి లాగుతున్నారు కాబట్టి దొరుకుతోంది. దేవుడు గొప్పా మనుషులు గొప్పా అన్న వాదం ఏ ఇంట్లో లేచినా నేను అడిగేది ఒకటే. ఈలోగా చాకిరీ ఎవరు చేస్తున్నారు? చాకిరీ చేస్తున్న మనిషి నోటి నుంచి ఈ వాదం వస్తే కూర్చుని వింటాను. చేయించుకుంటున్న మనిషి నోటి నుంచి వస్తే, అది భక్తి గురించి కాదు, పని పంపకం గురించి.

అలాగని మీ ఆయన్ని దొంగ భక్తుడని అనను. పదిహేడేళ్ళపాటు కార్తీకం చలిలో చెప్పుల్లేకుండా నడిచి, రెండు పూటలా తలస్నానం చేసి, చాప మీద పడుకున్న మనిషి. ఆ నలభై ఒక్క రోజులైనా సీసా ముట్టుకోకుండా, నోరు పారేసుకోకుండా ఉండే మగవాళ్ళున్న ఇళ్ళు నాకు తెలుసు. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు మాల తీసే రోజు ఎప్పుడొస్తుందా అని భయపడతారు కూడా. దీక్ష చిన్న విషయం కాదు.

అయితే ఆయన ఏ దేవుడి మాల వేసుకున్నారో ఆ దేవుడి కథే ఒకసారి గుర్తు చేసుకోండి. భజనల్లో ఏటా పాడుకునేదే. పందళ రాజు రాజశేఖరుడి ఇంట పెరిగాడు మణికంఠుడు. రాణికి సొంత కొడుకు పుట్టాక మంత్రి ఆవిడ మనసు విరిచాడు. ఆవిడ తలనొప్పి నటించింది. పులిపాలు తెస్తే తప్ప తగ్గదని వైద్యుడి చేత చెప్పించారు. పన్నెండేళ్ళ పిల్లవాడు అడవికి బయల్దేరాడు. అది తెచ్చిపెట్టుకున్న తలనొప్పి, తనని చంపడానికి వేసిన ఎత్తు, పైగా ఆవిడ కన్నతల్లి కూడా కాదు. అయినా "అమ్మకి బాగాలేదు" అన్న మాట చాలింది. పులుల్ని వెంటబెట్టుకుని ఊళ్ళోకి వచ్చాడు. ఇరుముడి కట్టుకుని, పదునెనిమిది మెట్లెక్కి చూసే స్వామి చరిత్రలో పెద్ద ఘట్టం ఇదే. మీ అత్తగారిది నటన కాదు. ఆవిడకి కావలసింది పులిపాలు కాదు, రెండు పూటలా ఒక మగమనిషి బలం ఉన్న రెండు చేతులు.

ఈ కథ మీరు ఆయనకి దెప్పుతూ చెప్పకండి. దెప్పితే మగవాళ్ళు కథ వినరు, గొంతు వింటారు. వీలైతే ఆయన గురుస్వామి చేత చెప్పించండి. "తల్లి మంచాన పడి ఉంటే మాలలో ఉన్న కొడుకు సేవ చెయ్యొచ్చా స్వామీ" అని ఆయన్నే అడగమనండి. దీక్షలో రెండు పూటలా స్నానం ఎలాగూ ఉంది. మైల అంటితే స్నానంతో పోతుందన్నది మన పెద్దవాళ్ళ లెక్కే కదా. గుమ్మం అవతల నిలబడితే మటుకు మైల పోదు, మంచమూ పొడిబారదు.

ఇక మీ అసలు ప్రశ్న.

భారతంలో, అరణ్యపర్వంలో, కౌశికుడనే బ్రాహ్మణుడి కథ ఉంది. చెట్టు కింద వేదం వల్లిస్తుంటే పైన కొంగ రెట్ట వేసింది. కోపంగా చూశాడు, కొంగ చచ్చి కిందపడింది. తన తపస్సుకి తనే మురిసిపోయాడు. తరవాత ఒక ఇంటికి భిక్షకి వెళ్ళాడు. ఇల్లాలు భిక్ష తెస్తుండగా మొగుడు ఆకలితో వచ్చాడు. ఆవిడ ఆయనకి వడ్డించి, పనులన్నీ ముగించుకుని, అప్పుడు బయటికొచ్చింది. కౌశికుడు మండిపడ్డాడు. ఆవిడ నెమ్మదిగా "నేను కొంగని కాదు నాయనా" అంది. అడవిలో జరిగింది ఈవిడకెలా తెలిసిందని అతను బిత్తరపోయాడు. మిథిలకి వెళ్ళి మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుణ్ణి కలవమని పంపింది.

ధర్మవ్యాధుడు ఆ బ్రాహ్మణుణ్ణి ఇంటికి తీసుకెళ్ళి, తిని కూర్చున్న ముసలి తల్లిదండ్రుల్ని చూపించి, నా దేవుళ్ళు వీళ్ళే అన్నాడు. ఇంతవరకూ అందరికీ తెలుసు. ఆ తరవాతి మాట చాలామంది చెప్పరు. నువ్వు వేదం చదవాలని తల్లిదండ్రుల్ని, వాళ్ళ అనుమతైనా లేకుండా వదిలేసి వచ్చావు, నీ మీద బెంగతో వాళ్ళ కళ్ళు పోయాయి, ముందు ఇంటికి పో అన్నాడు. కౌశికుడు ఇంటికి పోయాడు. కసాయి చెప్పిన మాట విని బ్రాహ్మణుడు వేదం పక్కన పెట్టి ముసలివాళ్ళ దగ్గరికి పోవడం అంత పాత గ్రంథంలోనే ఉంది. కాబట్టి మనుషుల్ని చూసుకోవడం ఏదో ఈ కాలపు నాస్తికుల మాట అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఈ కథలో నాకు బాగా నచ్చే ముక్క ఒకటుంది. ధర్మవ్యాధుడు ఎవరికీ పని పురమాయించలేదు. తనే చేశాడు. పండరీపురంలో పుండరీకుడూ అంతే. అమ్మానాన్నల కాళ్ళు పడుతూ, వచ్చిన దేవుడికి ఇటుక విసిరి దీని మీద నిలబడమన్నాడంటారు. భార్యని పిలిచి "నువ్వు కాళ్ళు పట్టు, నేను దేవుడితో మాట్లాడి వస్తా" అనలేదు. అన్నాడంటే ఆ దేవుడికి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడే పని ఉండేది కాదు.

మీది కోనసీమ కాబట్టి డొక్కా సీతమ్మగారి గురించి నేను మీకు చెప్పడమంటే అన్నవరంలో సత్యనారాయణ వ్రతం గొప్ప చెప్పడమే. వైనతేయ మీద అక్విడక్టు దాటినప్పుడల్లా ఆవిడ పేరు చదువుతూనే ఉంటారు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం జోగన్నపంతులుగారింటికి కాపురానికి వచ్చి, 1909లో పోయేవరకూ ఏ వేళ ఎవరొచ్చినా విస్తరి వేసిన ఇల్లాలు. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. ఆవిడ అంతర్వేది ప్రయాణం కథ మీ అత్తగారికి తప్పకుండా తెలిసే ఉంటుంది. జీవితంలో ఒక్కసారి లక్ష్మీనరసింహస్వామిని చూడాలని పల్లకీలో బయల్దేరింది. దారిలో బోయీలు ఎక్కడో ఆగారు. ఆ పక్కనే ఒక కుటుంబం, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పెద్దవాళ్ళు "కాస్త ఓర్చుకోండి, గన్నవరంలో సీతమ్మగారింటికి వెళ్తే అన్నం పెడుతుంది" అని సముదాయిస్తున్నారు. ఆవిడ ఆ మాట విని, పల్లకీ వెనక్కి తిప్పమంది. వాళ్ళకంటే ముందు ఇల్లు చేరుకుని పొయ్యి రాజేసింది.

ఈ కథ చెప్పి, "చూశావా, దర్శనం మానుకుని సేవ చేసింది, నువ్వూ అలాగే చెయ్యి" అని మీకు ఉపన్యాసం ఇచ్చేవాళ్ళు వస్తారు. నాకు ఆ కథలో కనపడేది వేరే. దర్శనం మానుకున్నది ఎవరు? ఆవిడే. మొక్కు ఆవిడది, పల్లకీ ఆవిడది, ఆకలి మాట చెవినపడింది ఆవిడకి, వెనక్కి తిరిగిందీ ఆవిడే. నా దర్శనం అయ్యేదాకా ఇంట్లో ఇంకెవరో వండి పెడతార్లే అనుకోలేదు. తన దేవుణ్ణి తను వదులుకోవడం త్యాగం. తన దేవుడి కోసం పక్కవాళ్ళ దీపాన్ని ఆర్పడానికి ఇంకేదో పేరు ఉండాలి.

మీ దీపం ఆరిపోయింది కదా. ఆయన పదిహేడు మాలలూ నిలబడ్డాయి, మీ ఒక్క శుక్రవారం నిలబడలేదు. మడిగా ఆయనకి విడిగా వండటానికి మీకు తలస్నానం చేసే తీరిక ఉంది గానీ, అదే తడిజుట్టుతో దేవుడి గదిలోకెళ్ళి వత్తి వేసుకునే తీరిక లేదు. ఇది రాసేటప్పుడు మీకు తట్టిందో లేదో.

ఇది ఒక్క మన పూజల ఇళ్ళ జబ్బు కూడా కాదు. నిరుడు ఒక క్రైస్తవ సోదరి రాసింది. భర్త దశమభాగం తప్పకుండా ఇస్తాడట, తల్లి మందులకి మాత్రం చెయ్యాడదట. ఆవిడకి నేను మార్కు సువార్త ఏడో అధ్యాయం చూడమన్నాను. నావల్ల నీకు రావలసింది "కొర్బాను", అంటే దేవార్పితం, అని తల్లికో తండ్రికో చెప్పేసి చేతులు దులుపుకునే ఆచారం ఆ రోజుల్లోనే ఉంది. యేసు దాన్ని పట్టుకుని పరిసయ్యుల్ని గట్టిగా చీవాట్లు పెట్టాడు. దేవుడి పేరు చెప్పి అమ్మకి ఎగ్గొట్టడం అంత పాతది. పేరు మారుతుంది, అంతే.

మీ ఆడపడుచు సంగతి. లలిత చదవనివ్వండి. దూరాన ఉన్న కూతురికి ఏం చెయ్యాలో తోచక చదువుకునే చదువు అది, నేను తక్కువ చెయ్యను. కానీ 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో "పిల్లలు" అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని రాసి ఉంది. కోడలన్న మాట లేదు. మీరు కేసు పెట్టడానికి చెప్పట్లేదు. మీరు చేస్తున్నది మీ విధి కాబట్టి చేస్తున్నారని, వాళ్ళు చేసేది ప్రేమ కాబట్టి ఎంత చేసినా గొప్పేనని ఇంట్లో ఒక లెక్క నడుస్తోంది చూడండి, ఆ లెక్క చట్టంలో కూడా తలకిందులుగా ఉందని తెలియడానికి చెబుతున్నాను.

"మానవసేవే మాధవసేవ" అని కూడా మీతో ఎవరో ఈపాటికి అనే ఉంటారు. మంచి మాటే. అయితే గమనించండి, ఆ మాట ఎప్పుడూ అప్పటికే సేవలో మునిగి ఉన్న మనిషికే చెబుతారు. పూజలో మునిగి ఉన్నవాడికి ఎవరూ చెప్పరు. నేనైతే తిరగేసి చెబుతాను. మీకు సేవ చాలు. ఇక కాస్త మాధవుడు కావాలి.

ఎందుకంటే, మనుషుల్ని ప్రేమిస్తే చాలు దేవుడెందుకు అని నేను కూడా ఒకప్పుడు అనుకున్నదాన్నే. మంచాన పడ్డ మనిషిని చూసుకోవడం మొదలుపెట్టాక ఆ మాట నిలబడలేదు. మంచంలో ఉన్న మనిషి అన్నివేళలా ప్రేమించదగ్గట్టు ఉండరు. ముద్ద నోట్లో పెడితే ఉమ్మేస్తారు. ఇప్పుడే మార్చిన పక్క ఇప్పుడే తడిపేస్తారు. పదేళ్ళ కిందట మీకు పెట్టిన ఆరళ్ళు, మీరు ఆవిడ తల దువ్వుతుంటే సరిగ్గా అప్పుడే గుర్తొస్తాయి. ఆ వేళ మనిషి మీద ప్రేమ ఎక్కణ్ణుంచి తెస్తాం? మీ అత్తగారిని ప్రేమించమని నేను చెప్పను. ప్రేమ రాకపోయినా పక్క మార్చొచ్చు. చెయ్యి ఆవిడకి అందించి, కోపం ఎక్కడైనా దించుకోవడానికి ఒక చోటు కావాలి. నాకు ఆ చోటు దేవుడి గది. మీకూ అదేనని మీ ఉత్తరం చెబుతోంది. లేకపోతే దీపం గురించి అంత బాధ పడరు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. ఎవరికీ పెద్దగా చెప్పలేదు.

మా నాన్నగారు ఆఖరి ఆరు నెలలు మా ఇంట్లోనే ఉన్నారు. నేను అప్పట్లో సాయంత్రం విష్ణుసహస్రనామం చదివేదాన్ని, మధ్యలో లేవకూడదని పట్టుదల. ఒకరోజు సగం దాటాక పక్కగదిలోంచి ఆయన పిలిచారు. పేరు కూడా సరిగ్గా పలకలేకపోయేవారు, గొంతులో ఒక శబ్దం. దాహం అని నాకు తెలుసు. ఆపితే మళ్ళీ మొదటి నుంచి చదవాలని, గొంతు పెంచాను. ఆయన పిలుపు వినపడకుండా ఉండటానికే పెంచాను. మిగతా నామాలన్నీ పూర్తి చేసి, హారతిచ్చి, గంట కూడా వాయించి, అప్పుడు చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళాను. చెంచాతో రెండు గుక్కలు పోశాక ఆయన నా వంక చూసి "అయిపోయిందా అమ్మా?" అన్నారు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నా పూజకి అడ్డం వచ్చానేమోనని అడిగారు.

ఆ తరవాత నేను సహస్రనామం మానలేదు. పుస్తకం ఆయన గదిలోకి పట్టుకెళ్ళాను. ఆయన పిలిస్తే వేలు పేజీలో పెట్టి లేచేదాన్ని. ఒక్కోరోజు మూడుసార్లు లేచేదాన్ని, ఒక్కోరోజు పూర్తయ్యేదే కాదు. ఏ నామం దగ్గర ఆపానో మరిచిపోతే ఆయనకి వచ్చిన ఒకటి రెండు నామాలు ఆయనే గొణిగేవారు, అక్కణ్ణుంచి అందుకునేదాన్ని. దోషం తగిలిందో లేదో దేవుడికే తెలియాలి.

అందుకే మీరు ఆ గోడ మాట రాస్తే నేను ఉలిక్కిపడ్డాను. మీరు చేసింది నాకంటే పెద్ద తప్పేం కాదు. రెండేళ్ళు ఒక్క రోజు సెలవు లేకుండా చేసిన మనిషి ఒక పూట విసుక్కుంది. అయితే ఊరుకోకండి. ఆవిడకి మాట లేదు గానీ అర్థమవుతుందని మీరే రాశారు. వెళ్ళి మంచం పక్కన కూర్చుని "అత్తయ్యా, మొన్న విసుక్కున్నాను, బాగా అలిసిపోయాను" అనండి. క్షమాపణలు, ఏడుపులు అక్కర్లేదు. ఆ రెండు మాటలూ చాలు. ఆవిడ ఎడమచెయ్యి ఏమంటుందో చూడండి.

ఇప్పుడు పనుల సంగతి. మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్క తిప్పాలి, లేకపోతే నడుం దగ్గరా, తుంటి దగ్గరా, మడమల దగ్గరా పుండ్లు పడతాయి. ఒక్కరే తిప్పితే ఆవిడ చర్మం పక్కకి రాసుకుపోతుంది, మీ నడుం విరుగుతుంది. ఇద్దరుండాలి. ఆవిడ కింద అడ్డంగా మడతపెట్టిన పాతచీర ఒకటి వేసి, చెరో కొసా పట్టుకుని లేపితే తేలిగ్గా కదులుతుంది. ఎయిర్ బెడ్ లేకపోతే కొనండి. అభిషేకానికి పంపే డబ్బులో ఒక నెలది దీనికి పంపమని మీ ఆడపడుచుని అడగండి, అమ్మ పేరు మీదే కదా. తినిపించేటప్పుడు తలవైపు దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టండి, తిన్నాక కూడా ఓ అరగంట అలాగే ఉంచండి. ఇవన్నీ మీకు తెలిసే ఉంటాయి, మీ ఆయన చదువుతారని రాస్తున్నాను.

ఆయనతో దేవుడి గురించి వాదించకండి. వాదనలో దేవుడే గెలుస్తాడు, మీకు మంచం మిగులుతుంది. టైము చెప్పి పని అప్పజెప్పండి. పొద్దున ఆయన లేచేది స్నానానికే కదా. ఆ స్నానానికి పది నిమిషాల ముందు వచ్చి, మీతోపాటు పట్టుకుని తల్లిని లేపి, పక్క మార్చి, అప్పుడు స్నానానికి వెళ్ళాలి. సాయంత్రం స్నానానికి ముందూ అంతే. ముందు అమ్మ, తరవాత నీళ్ళు, తరవాత స్వామి. మడికి భంగం లేదు, దీక్షకి భంగం లేదు. రోజుకి ఇరవై నిమిషాలు. ఆ మాత్రం కుదరదంటే మాత్రం, అడ్డం మడి కాదని మీ ఇద్దరికీ తెలిసిపోతుంది.

నా అనుమానం ఒకటి చెప్పనా? కొంతమంది కొడుకులకి తల్లిని ఆ స్థితిలో చూడటం భయం. తనకి నీళ్ళు పోసి పెంచిన మనిషికి తను నీళ్ళు పోయడమంటే చేతులు వణుకుతాయి, ఆ వణుకు పైకి చెప్పుకోలేరు. దీక్ష ఒక మంచి సాకుగా దొరుకుతుంది. మీ ఆయన మాల లేని మిగతా పది నెలలూ ఆ గదిలోకి ఎన్నిసార్లు వచ్చారో మీరు రాయలేదు. రాయకపోవడాన్ని బట్టి నాకు కొంత అర్థమైంది. అదే నిజమైతే ఆయన్ని తిట్టి లాభం లేదు. మొదటిరోజు డైపరు ఇవ్వకండి. గోళ్ళు తియ్యమనండి, తలకి నూనె రాయమనండి. చెయ్యి అలవాటు పడనివ్వండి.

ఇంట్లో స్వాములకి భిక్ష పెడతారా? ఏటా ముప్ఫై నలభై మందికి వండుతున్నారంటే ఈ ఏడు ఐదుగురికి కుదించండి. మిగిలిన డబ్బుతో నెలకి పది రోజులైనా పగటిపూట ఒక ఆయాని పెట్టుకోండి. ఆయన కొండకి వెళ్ళే వారం రోజులూ ఆడపడుచు వచ్చి ఉండాలి. "వస్తావా వదినా" అని అడగకండి, "ఫలానా రోజుకి టికెట్ తీసుకో" అని మీ ఆయన చేతే ఫోన్ చేయించండి. పారాయణ పుస్తకం వెంట తెచ్చుకోమనండి, వాళ్ళమ్మ పక్కనే కూర్చుని చదవొచ్చు. వచ్చే ఏడు పద్దెనిమిదో మాలకి నేనూ దణ్ణం పెట్టుకుంటాను. కొబ్బరి మొక్క నాటి రావాలి, తప్పకుండా రావాలి. ఈలోపు ఇంట్లో ఈ ఏర్పాట్లు కుదిరితే మీరు కూడా ఆయన్ని మనసారా సాగనంపగలుగుతారు. శబరిమల గుడి మీద "తత్త్వమసి" అని రాసి ఉంటుంది, అది నువ్వేనని. పదహారుసార్లు చదివి వచ్చారు, ఈసారి ఇంటికొచ్చాక ఆ మాట అత్తగారి గది గుమ్మం దగ్గర గుర్తొస్తే బాగుండును.

మీ దీపం సంగతి. పెద్ద పూజ పెట్టుకోకండి. నిలవదు, మళ్ళీ బాధపడతారు. ఒక ప్రమిద, ఒక వత్తి, రెండు నిమిషాలు. తలస్నానం కుదరకపోతే కాళ్ళూ చేతులూ కడుక్కుని పెట్టండి. ఆయన్ని ఆ రెండు నిమిషాలూ అత్తయ్య దగ్గర నిలబడమనండి.

ఇక ఆ గోడ. రెండు గంటలకోసారి తిప్పాలన్నాను కదా, అంటే రోజులో సగం సార్లు మీ అత్తగారు గోడవైపు తిరిగే పడుకోవాలి. కోపంగా తిప్పినా, ప్రేమగా తిప్పినా ఆవిడకి కనపడేది ఆ సున్నమే. అక్కడ, ఆవిడ కళ్ళ ఎత్తుకి, ఒక మేకు కొట్టి ఒక పటం తగిలించండి. మాలలో ఉన్నా సుత్తి పట్టుకోవచ్చు, మీ ఆయన చేతే కొట్టించండి. ఆవిడకి ఏ దేవుడంటే ఇష్టమో మీ ఆయన్ని అడగండి. ఆయనకి తెలియకపోతే నాలుగు పటాలు తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టమనండి. ఎడమచేత్తో చూపిస్తారు.